వయసుతో నిద్ర మారే తీరు: ఆడవాళ్లకు ఒక దారి, మగవాళ్లకు ఇంకో దారి

క్లుప్తంగా: వయసు పెరిగేకొద్దీ నిద్ర పలచబడటం నిజమే. మగవాళ్లలో ఈ మార్పు ముప్పై దాటకముందే చడీచప్పుడు లేకుండా మొదలై, ముందు గాఢ నిద్రను, తర్వాత ఊపిరిని పట్టుకుంటుంది. ఆడవాళ్లలో కాన్పు, ముట్లు ఆగడం వంటి మలుపుల దగ్గర ఒక్కసారిగా కనిపిస్తుంది. జబ్బు లేని మనిషికి అరవై తర్వాత నిద్ర తగ్గేది కొంచెమే. రాయలసీమలో గర్భసంచి ఆపరేషన్లు, రక్తహీనత, వేడి రాత్రులు ఈ లెక్కను ఇంకొంత మారుస్తున్నాయి.

షుగరుకో బీపీకో చూపించుకోవడానికి వచ్చినవాళ్లు లేచి వెళ్లేముందు చెప్పే మాట ఒకటుంటుంది: రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదని. చాలాచోట్ల దానికి వచ్చే జవాబూ ఒకటే: వయసు కదా, అంతే. ఈమధ్య దీనికి చేతి వాచీలు తోడయ్యాయి. పొద్దున లేవగానే ఫోన్లో 'డీప్ స్లీప్ 35 నిమిషాలు' అని కనబడితే నలభై ఐదేళ్ల మనిషికి టెన్షన్ మొదలవుతుంది. వాచీ మెదడు తరంగాలను చూడదు. చేతి కదలికను, గుండె వేగాన్ని బట్టి అంచనా వేస్తుంది. ఎంతసేపు నిద్రపోయారో దాదాపుగా చెప్పగలదు గానీ, అందులో గాఢ నిద్ర ఎంతన్న దగ్గర తరచు తడబడుతుంది. ఆ అంకె సరైనదే అనుకున్నా, ఏ వయసుకు ఎంత ఉండాలో తెలియకపోతే దానికి అర్థం లేదు.

## నిద్రను నడిపే రెండు శక్తులు

జ్యూరిక్‌లో పనిచేసిన అలెగ్జాండర్ బోర్బెలీ 1982లో చెప్పిన నమూనా ఇప్పటికీ నిద్ర శాస్త్రానికి పునాది. దాని ప్రకారం నిద్రను రెండు శక్తులు నడుపుతాయి. ఒకటి నిద్ర ఒత్తిడి. మెలకువగా ఉన్నంతసేపూ అది ఆకలిలా పెరుగుతూ పోతుంది. మెదడులో అడినోసిన్ అనే రసాయనం పేరుకోవడం దీనికి ఒక ముఖ్య కారణం. టీ, కాఫీల్లోని కెఫీన్ ఆ రసాయనం పనిని కాసేపు అడ్డుకుంటుంది. తాగిన కెఫీన్‌లో సగం ఒంట్లోంచి పోవడానికి సుమారు 5 గంటలు పడుతుంది కాబట్టి, సాయంత్రం ఆరింటి టీ రాత్రి పదకొండుకీ సగం మిగిలే ఉంటుంది.

రెండోది శరీర గడియారం. మెదడు అడుగున సుమారు 20 వేల నాడీకణాల చిన్న ముద్ద దీన్ని నడుపుతుంది. కంట్లో పడే వెలుగును బట్టి అది రోజూ తనను తాను సరిచేసుకుంటుంది. చీకటి పడ్డాక ఒంటిని నిద్రకు సిద్ధం చేసే మెలటోనిన్ హార్మోన్ విడుదలవుతుంది, ఒంటి లోపలి వేడి తగ్గుతుంది, నిద్ర వస్తుంది.

వయసు ఈ రెండింటినీ తాకుతుంది. నిద్ర ఒత్తిడి బలహీనపడితే గాఢ నిద్ర తగ్గుతుంది. గడియారం ముందుకు జరిగితే తెల్లవారుజామునే మెలకువ వస్తుంది. ఎవరిలో ఏది ముందు, ఎంత వేగంగా అన్నచోటే ఆడ, మగ తేడా మొదలవుతుంది.

## ఇరవై లోపు: ఆలస్యమయ్యే గడియారం

పదమూడు, పద్నాలుగేళ్లు వచ్చాక గడియారం వెనక్కి జరుగుతుంది. పిల్లలు రాత్రి పదకొండైనా పడుకోరు, పొద్దున ఎంత లేపినా లేవరు. ఇంట్లో దీన్ని సోమరితనం అంటారు. చేతిలో ఫోను ఉండటం దీన్ని పెంచుతుంది, కానీ ఫోన్లు లేని కాలంలోనూ ఇది ఉంది. మ్యూనిక్‌కు చెందిన టిల్ రోనెబెర్గ్ బృందం 2004లో చూపించిన దాని ప్రకారం ఈ ఆలస్యం ఆడపిల్లల్లో సుమారు 19 ఏళ్లన్నరకు, మగపిల్లల్లో సుమారు 21 ఏళ్లకు గరిష్ఠానికి చేరి, అక్కడి నుంచి తగ్గుతూ వస్తుంది. అంటే ఆడపిల్లల గడియారం ముందే మలుపు తిరుగుతుంది. యాభై దగ్గర ఈ తేడా దాదాపు చెరిగిపోతుంది.

ఈ వయసువాళ్లకు కావలసింది 8 నుంచి 10 గంటలు. రెసిడెన్షియల్ ఇంటర్ కాలేజీల్లో రాత్రి పదిన్నర, పదకొండు దాకా స్టడీ అవర్స్ పెట్టి, ఐదింటికి గంట కొడితే ఆరు, ఆరున్నర గంటలు దాటవు. అనంతపురం వైపు ఇంకో చిన్న లెక్క ఉంది. దేశమంతా వాడే గడియారం 82.5 డిగ్రీల రేఖాంశం మీద పెట్టినది. ఆ గీత కాకినాడకు దగ్గరగా పోతుంది. అనంతపురం దానికి పడమటగా దాదాపు 5 డిగ్రీల దూరంలో ఉంది కాబట్టి, ఇక్కడ సూర్యుడు గడియారం కంటే సుమారు 20 నిమిషాలు వెనకబడి ఉంటాడు. కాలేజీ గంట ఐదు కొట్టినప్పుడు పిల్లల ఒంటికి అది నాలుగూ నలభై. ఇరవై నిమిషాలు పెద్ద తేడా కాకపోవచ్చు, కానీ ఆ వయసులో అది కూడా తప్పు దిక్కుకే తోస్తుంది.

## మగవాళ్లలో: ముందు గాఢ నిద్ర, తర్వాత ఊపిరి

రాత్రి నిద్ర సుమారు 90 నిమిషాల ఆవృత్తులుగా సాగుతుంది. తేలిక నిద్ర, గాఢ నిద్ర, కలల నిద్ర వంతులవారీగా వస్తాయి. గాఢ నిద్ర ఎక్కువగా తొలి సగంలోనే పూర్తవుతుంది. ఎదుగుదల హార్మోన్ ప్రధానంగా విడుదలయ్యేదీ అప్పుడే.

16 నుంచి 83 ఏళ్ల మధ్య ఉన్న 149 మంది ఆరోగ్యవంతులైన మగవాళ్ల మీద చేసిన ఒక అధ్యయనం 2000లో వెలువడింది. పాతికేళ్ల లోపువాళ్ల రాత్రిలో దాదాపు 19 శాతం గాఢ నిద్ర ఉంటే, 36–50 ఏళ్లవాళ్లలో అది 3 శాతం చుట్టూ తేలింది. ఎదుగుదల హార్మోన్ కూడా అదే బాటలో పడిపోయింది. మగవాళ్లు గాఢ నిద్రను పోగొట్టుకునేది ముసలితనంలో కాదు, మంచి వయసులోనే. జుట్టు నెరవకముందే అయిపోయే మార్పు కాబట్టి ఎవరూ గమనించరు. నలభై ఐదేళ్ల మనిషి వాచీలో 'డీప్ స్లీప్' తక్కువ కనిపించడానికి ముందుగా చూడాల్సిన కారణం ఇది.

అసలు జాగ్రత్త పడాల్సింది గురక దగ్గర. గట్టిగా గురక పెట్టేవాళ్లను చూసి 'బాగా నిద్రపోతున్నాడు' అనడం మామూలు. చాలాసార్లు జరిగేది దానికి సరిగ్గా ఎదురు. గొంతు కండరాలు సడలి గాలిదారి మూసుకుపోతుంది, ఆక్సిజన్ తగ్గుతుంది, మెదడు ఉలిక్కిపడి లేపుతుంది. గంటలో ఇది ఎన్నోసార్లు జరగవచ్చు, మనిషికి గుర్తుండదు. స్లీప్ ఆప్నియా అనే ఈ జబ్బు మీద అమెరికాలోని విస్కాన్సిన్‌లో 30–60 ఏళ్లవాళ్లను పరీక్షించి 1993లో ఇచ్చిన అంకెలు ఇప్పటికీ వాడుకలో ఉన్నాయి. గంటకు ఐదు లేక అంతకు మించి ఊపిరి అడ్డంకులు ఉన్నవాళ్లు మగవాళ్లలో 24 శాతం, ఆడవాళ్లలో 9 శాతం. మగవాళ్లకు కొవ్వు మెడ, పొట్ట చుట్టూ చేరడం ఈ తేడాకు ఒక కారణం. రాత్రి ఒక పెగ్గు వేసుకుంటే నిద్ర త్వరగా పడుతుంది గానీ, గొంతు ఇంకా సడలుతుంది, రెండో సగంలో నిద్ర ముక్కలవుతుంది. కర్నూలు, అనంతపురం మీదుగా బెంగళూరు పోయే 44వ నంబరు జాతీయ రహదారి మీద తెల్లవారుజామున స్టీరింగ్ పట్టుకునేవాళ్లలో చాలామంది ఈ వయసు మగవాళ్లే. పగటి కునుకుపాటు వాళ్లకు ప్రాణాంతకం.

ఎర్రగుంట్ల వైపు సిమెంటు ఫ్యాక్టరీల్లో లాగా షిఫ్టులు మారే పనుల్లో ఇంకో విషయం తేలుతుంది. పాతికేళ్లప్పుడు నైట్ షిఫ్టు దిగి పగలు ఏడు గంటలు పడుకోగలిగినవాళ్లు, యాభై దగ్గరికి వచ్చేసరికి నాలుగు గంటలకే లేచి కూర్చుంటారు. గడియారం పగటి నిద్రను ఒప్పుకోవడం మానేస్తుంది.

అరవై దాటిన మగవాళ్లలో దాదాపు సగం మందికి మూత్రనాళం చుట్టూ ఉండే ప్రోస్టేట్ గ్రంథి పెరుగుతుంది, రాత్రి రెండు మూడుసార్లు లేవడం వస్తుంది. ఇది మూత్రం సమస్య, నిద్ర సమస్యగా కనబడుతుంది. ఇంకొకటి అరుదైనది గానీ తెలిసి ఉండాలి: కలలో చేతులు కాళ్లు ఆడించడం, పక్కవాళ్లను కొట్టడం. కలల నిద్రలో మామూలుగా కండరాలు బిగుసుకోకుండా వదులై ఉంటాయి. ఆ అదుపు తప్పితే ఇలా జరుగుతుంది. ఎక్కువగా పెద్ద వయసు మగవాళ్లలో కనబడే ఈ లక్షణం కొన్నేళ్ల తర్వాత వచ్చే పార్కిన్సన్స్ జబ్బుకు ముందు సూచన కావచ్చు. దెయ్యం పట్టిందని తాయెత్తు కట్టించే ముందు నరాల డాక్టరుకు చూపించడం మేలు.

## ఆడవాళ్లలో: మలుపుల దగ్గర విరిగే నిద్ర

ఆడవాళ్ల గాఢ నిద్ర అంత త్వరగా కరగదు. వాళ్ల నిద్రను మార్చేవి హార్మోన్లు, రక్తం, ఇల్లు. ప్రొజెస్టెరాన్ హార్మోన్‌కు మత్తు కలిగించే గుణం ఉంది. ముట్టుకు ముందు రోజుల్లో అది పడిపోవడంతో నిద్ర చెదురుతుంది. గర్భం తొలి నెలల్లో అదే హార్మోన్ బాగా పెరగడం వల్ల పగలంతా మగతగా ఉంటుంది. నెలలు నిండేకొద్దీ మూత్రానికి లేవడం, పిక్కలు పట్టేయడం, గుండెమంట మొదలవుతాయి.

పడుకోగానే కాళ్లు గుంజడం, కదిలిస్తే గానీ నెమ్మది లేకపోవడం ఈ ప్రాంతపు ఆడవాళ్లు తరచు చెప్పే బాధ. రోజంతా చేలో వంగి పని చేసినందుకు అనుకుని కాళ్లకు నూనె రాసుకుంటారు. కొందరి విషయంలో అది నిజం. కానీ రెస్ట్‌లెస్ లెగ్స్ అనే జబ్బు లక్షణాలూ ఇవే. ఇది ఆడవాళ్లలో మగవాళ్ల కంటే దాదాపు రెట్టింపు. మెదడుకు ఐరన్ తగినంత అందకపోవడం దీనికి ఒక పెద్ద కారణం. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15–49 ఏళ్ల ఆడవాళ్లలో 58.8 శాతానికి రక్తహీనత ఉంది. ఈ రెండు విషయాలను పక్కపక్కన పెట్టి చూసేవాళ్లు తక్కువ. రక్తపరీక్షలో హిమోగ్లోబిన్‌తో పాటు ఒంట్లో ఐరన్ నిల్వను చూపే ఫెర్రిటిన్ కూడా చూస్తే, నిద్రమాత్ర అవసరం లేకుండా ఐరన్‌తోనే తగ్గే నిద్రలేమి కొంత బయటపడుతుంది.

అన్నిటికన్నా పెద్ద మలుపు ముట్లు ఆగడం. మనదేశంలో అది సగటున 46–47 ఏళ్లకు వస్తుంది, పాశ్చాత్య దేశాల్లో 51 దగ్గర. ఈస్ట్రోజెన్ తగ్గేసరికి మెదడులో ఒంటి వేడిని అదుపు చేసే కేంద్రం చిన్న మార్పుకే స్పందించడం మొదలుపెడుతుంది. ఉన్నట్టుండి ఒళ్లంతా ఆవిర్లు, చెమట, వెంటనే చలి. రాత్రి ఇది వస్తే మెలకువ తప్పదు. అమెరికాలో ఏళ్ల తరబడి చేసిన పరిశీలనలో ఈ ఆవిర్లు సగటున ఏడేళ్లకు పైగా ఉన్నట్టు తేలింది.

ఇక్కడ ఆంధ్రప్రదేశ్‌కు ప్రత్యేకమైన చిక్కు ఒకటుంది. 2015–16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15–49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద సుమారు 3 శాతమైతే, మన రాష్ట్రంలో సుమారు 9 శాతం. దేశంలో అదే ఎక్కువ. తర్వాతి సర్వేలోనూ పెద్దగా తగ్గలేదు. ముట్టు ఎక్కువగా అవుతోందని వెళ్తే, మందులతో చూడకముందే 'పిల్లలు పుట్టేశారు కదా, తీసేస్తే పోతుంది' అన్న సలహా ఎదురవుతుంది. గర్భసంచితో పాటు అండాశయాలు కూడా తీసేస్తే, నాలుగైదేళ్లలో మెల్లగా రావాల్సిన మార్పు కొద్ది రోజుల్లో వచ్చిపడుతుంది. అండాశయాలు ఉంచినా అవి కొన్నేళ్లు ముందే చేతులెత్తేయవచ్చు. ముప్పై ఎనిమిదేళ్ల మనిషికి రాత్రి చెమటలు పట్టి నిద్ర లేకపోతే దాన్ని ముట్లు ఆగిన లక్షణంగా ఎవరూ అనుకోరు. అవసరం లేని ఇలాంటి ఆపరేషన్ల మీద కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాలను అమలు చేయమని సుప్రీంకోర్టు 2023లో రాష్ట్రాలను ఆదేశించింది. ఆ కేసులో చర్చ జరిగింది ఆడవాళ్ల హక్కుల మీద. నిద్ర మీద దీని ప్రభావం అంతగా చర్చకు రాలేదు.

ముట్లు ఆగాక స్లీప్ ఆప్నియా కూడా ఆడవాళ్లలో బాగా పెరుగుతుంది. కానీ వాళ్లు డాక్టరు దగ్గర గురక గురించి చెప్పరు. నీరసం, పొద్దున తలనొప్పి, నిద్ర పట్టకపోవడం అని చెబుతారు. దాంతో పరీక్ష గురకకు జరగకుండా థైరాయిడ్‌కు జరుగుతుంది.

ఇల్లు అన్నది కూడా కొలవగలిగిన కారణమే. 2019 జాతీయ కాల వినియోగ సర్వే ప్రకారం ఇంటిపని చేసేవాళ్లలో ఆడవాళ్లు దానికి రోజుకు సగటున 299 నిమిషాలు, మగవాళ్లు 97 నిమిషాలు ఇచ్చారు. కొళాయి నీళ్లు తెల్లవారుజామున వచ్చే వీధుల్లో బిందెలు పెట్టడానికి లేచేదెవరో చెప్పనక్కర్లేదు. కడపలో, కర్నూలు పాతబస్తీలో రంజాన్ నెలలో సహరీకి ఇంటిల్లిపాదీ లేచేముందు పొయ్యి వెలిగించేది కూడా ఆడవాళ్లే.

## కొలిస్తే ఒకటి, అడిగితే ఒకటి

ఇక్కడొక వైరుధ్యం ఉంది. తలకు తీగలు పెట్టి కొలిస్తే ఆడవాళ్ల నిద్ర మగవాళ్ల కంటే కొంచెం ఎక్కువ సేపు, గాఢ నిద్ర కూడా ఎక్కువ. అడిగితే మాత్రం నిద్ర సరిగా లేదని ఆడవాళ్లే ఎక్కువగా చెబుతారు. నిద్రలేమి ప్రమాదం వాళ్లలో సుమారు 40 శాతం అధికమని అనేక సర్వేలను కలిపి చూసిన విశ్లేషణ తేల్చింది.

దీనికి రెండు వివరణలున్నాయి. కొలిచేది ఆరోగ్యంగా ఉన్న కొద్దిమందిని ఎంచి, పిల్లలూ పనులూ లేని గదిలో ఒకటి రెండు రాత్రులు పడుకోబెట్టి. ఇంటి రాత్రి అలా ఉండదు. రెండోది శరీర గడియారం. ఆడవాళ్లలో అది సగటున ఆరు నిమిషాలు పొట్టిదని 2011లో వచ్చిన ఒక అధ్యయనం చెప్పింది. చిన్న తేడాయే, కానీ రోజూ గడియారం ముందుకు జరిగే ఒంటికి నిద్ర త్వరగా వస్తుంది. ఇంట్లో అందరి తర్వాత పడుకుంటే ఆ వేళ దాటిపోతుంది, తెల్లవారుజామున మాత్రం మెలకువ వచ్చేస్తుంది. మొదటి వివరణకే బలం ఎక్కువ అనిపిస్తుంది. రెండూ కలిసి పనిచేయడానికి అడ్డేమీ లేదు.

## అరవై తర్వాత వయసు వాటా

2004లో 65 అధ్యయనాలను, 5 నుంచి 102 ఏళ్ల మధ్య ఉన్న 3,577 మంది ఆరోగ్యవంతుల వివరాలను కలిపి ఒక పెద్ద విశ్లేషణ వచ్చింది. యవ్వనం నుంచి అరవై దాకా నిద్ర మొత్తం పదేళ్లకు సుమారు 10 నిమిషాల చొప్పున తగ్గింది, మధ్యలో మెలకువగా ఉండే సమయం పెరిగింది. ఆసక్తికరమైనది ఆ తర్వాతి భాగం. అరవై దాటాక ఆరోగ్యంగా ఉన్నవాళ్లలో చాలా కొలతలు దాదాపు నిలకడగా ఉన్నాయి. పక్క మీద గడిపిన సమయంలో నిద్రపోయిన వాటా మాత్రమే తగ్గుతూ వచ్చింది. డెబ్బై ఏళ్ల మనిషికి ఏడాది కిందట ఉన్న నిద్ర ఈ ఏడాది లేదంటే, కారణం వయసు కంటే మోకాళ్ల నొప్పి, షుగరు, ఆస్తమా, బీపీ మాత్ర వేసుకునే వేళ, దిగులు వీటిలో ఒకటయ్యే అవకాశం ఎక్కువ. పెద్దవాళ్లకు నాలుగైదు గంటలు చాలన్నది కూడా నిజం కాదు. 65 దాటినవాళ్లకు 7 నుంచి 8 గంటలు సిఫారసు చేస్తారు.

వయసు నిజంగా మార్చేది వేళను. రాత్రి ఎనిమిదికే కునుకు, మూడున్నరకే మెలకువ. కంటి కటకం పసుపు రంగుకు తిరగడం వల్ల గడియారాన్ని సరిచేసే నీలి వెలుగు తగ్గుతుంది. శుక్లాల ఆపరేషన్ తర్వాత కొందరికి నిద్ర కాస్త కుదుటపడటానికి ఇదే కారణం కావచ్చు. టాంజానియాలో వేట మీద బతికే హడ్జా తెగలో 33 మందిని 20 రోజులు గమనించి, వయసుతో మారే నిద్ర గుంపుకు కాపలాగా పనికొచ్చి ఉంటుందన్న ఊహను 2017లో ముందుకు తెచ్చారు. 220 గంటలకు పైగా పరిశీలనలో పెద్దవాళ్లందరూ ఒకేసారి నిద్రలో ఉన్నది 18 నిమిషాలే. వయసును బట్టి వేళలు మారడం వల్ల గుంపులో ఎవరో ఒకరు దాదాపు ఎప్పుడూ మేలుకునే ఉన్నారు. కళ్లంలో శెనక్కాయల కుప్ప దగ్గర కాపలాకు ముసలాయననే పడుకోబెట్టే అలవాటున్న పల్లెలకు ఇది కొత్త సంగతేమీ కాదు.

నిద్రమాత్రలు ఈ వయసులోనే ఎక్కువ హాని చేస్తాయి. అల్ప్రజొలామ్ జాతివి డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు. అయినా పాత చీటీతోనే ఏళ్ల తరబడి వాడేవాళ్లున్నారు. రాత్రి మూత్రానికి లేచి తూలిపడితే తుంటి ఎముక విరుగుతుంది. ముట్లు ఆగి ఎముకలు గుల్లబారిన ఆడవాళ్లకు ఈ ముప్పు రెండింతలు అనుకోవచ్చు. దీర్ఘకాల నిద్రలేమికి మొదట ఇవ్వాల్సింది పడుకునే అలవాట్లను, ఆలోచనలను మార్చే చికిత్స అని అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2016లో చెప్పింది. నిద్ర వచ్చినప్పుడే పక్క ఎక్కడం, పట్టకపోతే లేచి కూర్చోవడం, రోజూ ఒకే వేళకు లేవడం అందులో భాగాలు. మధ్యాహ్నం కునుకు తప్పు కాదు. అరగంట దాటకుండా, మూడు లోపు అయిపోతే చాలు.

## ముందున్న రాత్రులు

నిద్ర పట్టాలంటే ఒంటి లోపలి వేడి సుమారు ఒక డిగ్రీ తగ్గాలి. అందుకు చర్మంలోని రక్తనాళాలు విప్పారి వేడిని బయటకు వదలాలి. ముసలితనంలో ఈ పని మందగిస్తుంది. పగలంతా ఎండ తాగిన కాంక్రీటు కప్పు, కడప బండలు పరిచిన నేల రాత్రి పొద్దుపోయేదాకా ఆ వేడిని గదిలోకి వదులుతూనే ఉంటాయి. 68 దేశాల్లో 47 వేల మందికి పైగా చేతి పట్టీల వివరాలతో 2022లో వచ్చిన అధ్యయనం ప్రకారం, రాత్రి వేడి ప్రతి డిగ్రీకీ వయసు మళ్లినవాళ్లు పోగొట్టుకునే నిద్ర మిగతావాళ్ల కంటే రెట్టింపుకు పైగా ఉంటుంది. మగవాళ్ల కంటే ఆడవాళ్లు, ధనిక దేశాల కంటే పేద దేశాలు ఎక్కువ నష్టపోతాయి.

ఆ అంతరం మన ఊళ్లలో ఇంకొంచెం పెరిగే వీలుంది. మే నెలలో మగవాళ్లు మంచం తీసుకుని మిద్దె మీదికో వాకిట్లోకో పోతారు. ఆడవాళ్లు, ముఖ్యంగా టౌన్లలో, లోపలే పడుకుంటారు. మెట్లు ఎక్కలేని ముసలమ్మకు మిద్దె ఎలాగూ అందదు. రాత్రి వేడికి ఎక్కువ నష్టపోయేవాళ్లే ఇంట్లో అన్నిటికన్నా వేడిగా ఉండే చోట పడుకుంటున్నారు. ఎండాకాలానికి ముందు కప్పు మీద తెల్ల సున్నం కొట్టడం, ముసలివాళ్ల మంచం గాలి ఆడే కిటికీ పక్కకు మార్చడం, పడుకునేముందు కాళ్లు, చేతులు తడుపుకోవడం వంటివి పెద్ద ఖర్చు లేని పనులు. కప్పులకు వేడిని తిప్పికొట్టే పూత వేయించేందుకు తెలంగాణ 2023లో ఒక విధానమే తెచ్చింది. కర్నూలు, కడప లాంటి చోట్ల దాని అవసరం తెలంగాణ కంటే తక్కువేమీ కాదు.